మధ్యలో దించితే చాయ్

ఆ ముసలమ్మ నా బండిలోంచి ఉల్లిగడ్డల సంచి తీసి తన చేత్తో పట్టుకున్న రోజు నాకు అన్నం సహించలేదు.

సంచి ఆమెదే. కూలి ఇచ్చేదీ ఆమే. కాబట్టి దొంగతనం అనడానికి లేదు. నేను బండి ఎత్తి రెండడుగులు వేశానో లేదో, వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. నల్లటి అబాయాలోంచి గోరింటాకు పండిన ముసలి చెయ్యి ఒకటి బయటికొచ్చి సంచిని లాగేసుకుంది.

"తాబాన్," అంది.

అరబ్బీలో అలసిపోయావని. అడగలేదు, తేల్చేసింది. డాక్టర్లు కూడా అంత తొందరగా తేల్చరు, ముందు రక్తపరీక్ష రాస్తారు.

"మాఫీ తాబాన్ అమ్మా, మాఫీ ముష్కిలా," అన్నాను. అలసటా లేదు, ఇబ్బందీ లేదని. వినలేదు. ముందు ఆమె ఉల్లిగడ్డలతో, వెనక నేను మిగతా సామానుతో కారుదాకా నడిచాం. చూసినవాళ్ళకు ఎవరు ఎవరికి హమాలీయో అర్థమై ఉండదు.

హమాలీని నేనే. దోహాలో సూక్ అనే పాత బజారులో సామాను మోస్తాను. మా జగిత్యాల మార్కెట్ యార్డులోనూ హమాలీ అనే అంటారు. విమానమెక్కి సముద్రం దాటొచ్చినా వృత్తి పేరు మారలేదంటే నా జాతకం ఎంత గట్టిదో చూడండి. అక్కడ మూట వీపు మీద మోసేవాణ్ణి, ఇక్కడ ఒంటిచక్రం తోపుడుబండిలో వేసి తోస్తాను. దీన్ని అరబానా అంటారు. ముందు ఒక చక్రం, మధ్యలో ఇనుప తొట్టి, వెనక రెండు కాళ్ళు, రెండు పిడులు. మన దగ్గర సిమెంటు కలిపేచోట చూసే ఉంటారు. మెరూన్ రంగు కోటు తొడుక్కుని దాని వెనక నిలబడితే అదే నా నౌకరీ. చుట్టాలు మా ఇంటికొచ్చి "దుబాయ్ల ఏం జేస్తుండు?" అని అడుగుతారు. దుబాయ్ కాదు ఖతర్ అని చెప్పి చెప్పి విసిగిపోయిన మా ఆవిడ "బండి నడుపుతుండు" అంటుంది. వాళ్ళు తలాడిస్తారు. చక్రాలెన్ని అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

బడి ఏడో తరగతిలోనే వదిలేశాను. సార్లు కూడా ఊపిరి పీల్చుకున్నారు. అరబానా తొయ్యడానికి చదువు అక్కర్లేదుగాని కొంచెం బుద్ధి కావాలి. బరువంతా ముందుకు, చక్రం మీదికి పడాలి. బియ్యం బస్తా ముందు, దాని వీపుకు నూనె డబ్బాలు, పక్కన ఖర్జూరం పెట్టెలు, అన్నిటికీ పైన గుడ్లు. ఎత్తేటప్పుడు చేతులు తాళ్ళలాగా ఊరికే వేలాడాలి, లేపే పని తొడలది. కొత్తగా వచ్చినవాడు చేతులతో లేపుతాడు. సాయంత్రానికి అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేక, పళ్ళెం దగ్గరికి నోటినే తీసుకుపోతాడు.

తల వంచుకుని తోస్తాం కాబట్టి మాకు కస్టమర్ల ముఖాలకంటే మడమలు బాగా తెలుసు. ఈ ముసలమ్మవి గోధుమరంగు చెప్పులు, ఎడమది లోపలి వైపు అరిగింది. గురువారం సాయంత్రం వస్తుంది. శుక్రవారం ఇంటినిండా కొడుకులు, కూతుళ్ళు, మనవలు దిగుతారట, అందుకని బండి నిండా కొంటుంది. ఇన్నేళ్ళుగా ఆమె సామాను నాదే. వేరేవాడు బండి ముందుకు తెస్తే "లా, లా" అని, వద్దని చెయ్యి ఊపి నాకోసం వెతుక్కునేది. అలాంటి మనిషి నన్ను చూసి జాలిపడింది. తెలుగువాళ్ళు జాలిపడితే అలవాటే. దోహాలోనే ఐన్ ఖాలిద్ వైపు నుంచి వచ్చే కుటుంబాలు "అయ్యో, మీరు తెలుగాండీ" అని సగం సంచులు తామే మోసుకుని, మొత్తం కూలి ఇచ్చి, నా సగం పరువు తీసుకుని పోతారు. ఈమె మాత్రం ఎన్నడూ అలా చెయ్యలేదు.

మా హమాలీల్లో ఒక పద్ధతి ఉంది. ఎత్తిన బండి కారు డిక్కీ దగ్గరే దించాలి. మధ్యలో దించినవాడు ఆ రోజు అందరికీ చాయ్ తాగించాలి. ఎవరు పెట్టారో తెలియదు, నేను వచ్చేనాటికే ఉంది. దీనికి జడ్జి పఠాన్ చాచా. పెషావర్ వైపు మనిషి, తెల్ల గడ్డం, మా అందరికంటే పాతవాడు. పిల్లలు అడ్డమొస్తే మాఫీ. గుర్రమెక్కిన పోలీసు ఎదురైతే మాఫీ. తుమ్మొచ్చింది, దురద పుట్టింది అంటే మాఫీ లేదు. ఇన్నేళ్ళలో నేను ఊరికే చాయ్ తాగినవాణ్ణేగాని ఒక్కసారీ తాగించినవాణ్ణి కాను. మా ఊళ్ళో నాకు చెప్పుకోదగ్గ పొలమూ లేదు, మేడా లేదు. చెప్పుకోవడానికి ఇదొక్కటుంది.

అయితే ఈ చలికాలం నుంచి కుడి భుజం నా మాట వినడం మానేసింది. పొద్దున అంగీ తొడుక్కోవాలంటే ముందు దాన్ని బతిమాలాలి. రూములో నాది పైమంచం. ఒంటిచేత్తో నిచ్చెన ఎక్కుతుంటే కిందిమంచం నేపాలీ తన దిండు తీసి పక్కన పెట్టుకుంటాడు, నేను పడితే దిండైనా మిగలాలని.

ఉల్లిగడ్డల ఊరేగింపు మా ముదీర్ కంట కూడా పడిందట. ముదీర్ అంటే మా పని చూసుకునే మేనేజరు, కేరళ మనిషి. మర్నాడు పిలిచి హిందీలో చెప్పాడు. అల్ ముంతజాలో తెలిసినవాళ్ళ సూపర్‌మార్కెట్ ఉంది. గేటు దగ్గర కూర్చుని, వచ్చేవాళ్ళ సంచులు తీసుకుని టోకెన్ ఇవ్వడమే పని. ఏసీ ఉంటుంది, కుర్చీ ఉంటుంది.

"కుర్చీకి చేతులుంటాయా సార్?" అన్నాను.

"ఏంటి?"

"చేతులున్న కుర్చీయా, లేనిదా అని."

"నీకు పళ్ళు రాలినా జోకులు రాలవు. వచ్చే గురువారం లోపల చెప్పు. ఆ తర్వాత వేరేవాణ్ణి పెట్టుకుంటారు."

మంచివాడు. అదే నా ఇబ్బంది. చెడ్డవాడైతే పోట్లాడి తేల్చుకునేవాణ్ణి.

ఆ సాయంత్రం మా ఆవిడకు ఫోన్ చేశాను. వీడియోలో ముఖం నిండుగా కనిపించేటట్టు పట్టుకుని, రోజూలాగే పళ్ళన్నీ చూపించాను.

"ఏసీల కూసునుడేనా?" అంది.

"కూసునుడే. సంచి తీస్కునుడు, బిళ్ళ ఇచ్చుడు."

"మరి నీకేం బాధ?"

"బాధ గాదే. గామె ఉల్లిగడ్డలు గుంజుకున్నది."

"ఎవరామె?"

చెప్పాను. ముందు బాగా నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది.

"గామె ముంగట నీ మొఖం గట్లుండెనేమో. నాకు ఫోన్ల జూపెట్టే మొఖం వేరు, గామె జూసిన మొఖం వేరు. నేను ఆడుంటేనా, ఉల్లిగడ్డలు గాదు, బండే గుంజుకుందు."

నెట్ సరిగా రావడం లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను. నెట్ బాగానే ఉంది.

కుర్చీకే పోదామని మనసులో ఇంచుమించు ఖాయం చేసుకున్నాను. ఎవరైనా ఇంకోసారి జాలిపడేలోపు పోవడం మేలనిపించింది. తోస్తున్నప్పుడు ఎవరూ చూడకుండా పళ్ళు బిగించేవాణ్ణి. సాయంత్రానికి భుజంతోపాటు దవడ కూడా నొప్పి పెట్టేది.

మంగళవారం మధ్యాహ్నం బజారు పలచగా ఉంది. పని లేనప్పుడు మేమందరం మా అరబానాల్లోనే వాలుతాం. తొట్టి వాలులో వీపు, పిడుల మీద కాళ్ళు. అలా ఉంటే టూరిస్టులు వచ్చి ఫోటోలు తీసుకుంటారు. ఇంట్లో నేను పడుకుంటే ఎవరూ తీయరు.

ఒకతను ఫోటో తీయకుండా నా చక్రం దగ్గర కూర్చుని బొటనవేలితో టైరు నొక్కి చూశాడు. జపాన్ మనిషి. ముప్పై దాటి ఉంటాడు. వెంట గొడుగు వేసుకుని వాళ్ళమ్మ. చెడ్డీ వేసుకున్నాడు, పిక్కలు మాత్రం పోతపోసినట్టున్నాయి. వ్యాయామం చేసి పెంచినవి కావు, పని చేసి పెంచినవి. ఆ తేడా మాకు తెలుస్తుంది. ఇంకొంచెం గాలి కొట్టించమని సైగ చేశాడు. నిజమే, తక్కువే ఉంది. తర్వాత ఫోన్ తీసి దానికేదో చెప్పాడు. ఫోన్‌లోంచి ఒకామె హిందీలో పలికింది: "నేను కూడా లాగుతాను. మా ఊళ్ళో."

ఫోటో చూపించాడు. రెండు పెద్ద చక్రాల నల్లటి బండి. పైన పూల బట్టల్లో ఇద్దరాడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో ఎర్ర దుప్పటి. ముందు రెండు కర్రల మధ్య నీలం బట్టల్లో ఇతనే, ఇరవై మందిని లాగుతున్నంత గర్వంగా నవ్వుతూ.

"ఓర్ని, రిక్షా!" అన్నాను.

"రిక్షా, రిక్షా," అని తలాడించాడు. అంతే, ఇద్దరం చుట్టాలమైపోయాం.

వాళ్ళమ్మ పెద్ద ఇత్తడి పళ్ళెం, కాఫీ కూజాలు, ఒక తివాచీ కొంది. బండిలో సర్దాను. అతను నన్నూ బండినీ చూసి, తాను ఒకసారి నడపొచ్చా అని సైగ చేశాడు. ముదీర్ చుట్టుపక్కల లేడని చూసుకుని పక్కకు జరిగాను. అతను బండికి వంగి దండం పెట్టాడు. పిడుల మధ్యకు వెళ్ళాడు. వెళ్ళి, తొట్టికి వీపు చూపించి నిలబడ్డాడు. పిడులు ఎత్తుకుని ముందుకు లాగడం మొదలుపెట్టాడు.

అరబానాను అటు తిరిగి లాగినవాణ్ణి నేను పుట్టాక చూడటం అదే మొదటిసారి. బండి కాళ్ళు అతని మడమలకు తగిలాయి, తొట్టి వచ్చి పిర్రల మీద కొట్టింది, చక్రం పక్కకు ఒరిగింది. ఒక కూజా కిందపడి ఖంగుఖంగున దొర్లుకుంటూ మసాలాల దుకాణంలోకి వెళ్ళిపోయింది. పఠాన్ చాచా గడ్డం పట్టుకుని నవ్వుతున్నాడు. "గాడీ సీధా, ఆద్మీ ఉల్టా!" బండి సరిగ్గానే ఉంది, మనిషే తిరగబడ్డాడని.

"తమ్మీ, గట్ల గాదు, ఇటు తిరుగు," అన్నాను తెలుగులోనే. "సామానుకు వీపు జూపెడితె దానికి కోపమొస్తది."

అతనికేం అర్థమైందో గాని వాళ్ళమ్మకంటే గట్టిగా నవ్వాడు. అలవాటు మరి. అతని బతుకంతా ముందు దారి, వెనక మనుషులు. నా బతుకంతా ముందు సామాను, ఆపైన ఎవరివో మడమలు. దారి నాకు ఎప్పుడూ సగమే కనిపిస్తుంది.

బండి నేను తీసుకున్నాను. అతను పక్కన నడిచాడు. నా చేతులు ఎక్కడ పట్టుకున్నాయి, అడుగు ఎట్లా పడుతోంది అని చూస్తున్నాడేగాని ముఖం వైపు చూడలేదు. అది నాకు నచ్చింది. పార్కింగ్ దగ్గర ఉండే చిన్న ఎత్తు రాకముందే, కాసేపు దించమని సైగ చేశాడు. కుదరదన్నాను. ఎందుకని అడిగాడు. నడుస్తూనే అతని ఫోన్‌కు మా చాయ్ సంగతి హిందీలో చెప్పాను. ఫోన్ అతనికి చెప్పింది. మొత్తం విని, ఏదో పెద్దగా చెప్పాడు. ఫోన్‌లోని ఆమె నిదానంగా పలికింది:

"మేము మధ్యలో చాలా చోట్ల దించుతాం. అక్కడ ఆగి, ఈ గుడి ఎప్పటిది, ఆ వంతెన కథ ఏమిటి అని ఎక్కినవాళ్ళకు చెబుతాం. వాళ్ళు ఫోటోలు తీసుకుంటారు. నేను ఊపిరి తీసుకుంటాను."

నేను అతని వైపు చూశాను. అతను కన్ను గీటి ఇంకో మాట అన్నాడు.

"కథ పెద్దదైతే, ముందు ఎత్తు పెద్దదని అర్థం."

నవ్వు ఆపుకోలేక బండి వంకర పోయింది. దించలేదు మరి. డిక్కీ దగ్గర దించాక ఇంకొకటి కూడా చెప్పాడు. వాళ్ళ గురువు ముందు దించడమే నేర్పాడట, లాగడం తర్వాత. కర్రలు నేలకు తాకినట్టు పైన కూర్చున్నవాళ్ళకు తెలియకూడదట. తర్వాత అరచేతులు చాపాడు. నేనూ చాపాను. కాయలు కాసిన నాలుగు చేతులు. టాక్సీవాడు హారన్ కొట్టాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

దాంతో నా భుజం బాగైపోలేదు. ఆ రోజు రూములో నూనె రాసుకుంటూ, వాడిది వయసు, వాడిది పెద్ద చక్రాల బండి, వాడికి గుడులూ వంతెనలూ ఉన్నాయి, నేనేం చూపించను, పార్కింగ్‌లో కార్లా అనుకున్నాను.

గురువారం వచ్చింది. ముదీర్‌కు జవాబు చెప్పాల్సిన రోజు. ఆ ముసలమ్మ రాకపోతే బాగుండుననుకున్నాను. వచ్చి వేరేవాణ్ణి పిలుస్తుందేమోనని మెడ సాచి చూస్తూనే ఉన్నాను. గోధుమరంగు చెప్పులు వచ్చి నా బండి ముందే ఆగాయి. బియ్యం, నూనె, ఖర్జూరాలు, గుడ్లు. ఉల్లిగడ్డల సంచి మాత్రం బండిలో పెట్టనివ్వలేదు. మొదటినుంచే తన చేతిలో పట్టుకుంది.

"అమ్మా, బసల్ ఇలా ఇవ్వు," అన్నాను. బసల్ అంటే ఉల్లిగడ్డ.

"యల్లా," అంది, పదమని. ముందుకు నడిచింది.

అంటే పోయినవారం జాలి ఈ వారానికి అలవాటైపోయింది. ఇంకో నెల పోతే బియ్యం బస్తా కూడా ఎత్తుకుంటుందేమో. బండి ఎత్తాను. మసాలాల సందు దాటాను. భుజంలో సూది మొదలైంది. మలుపు తిరిగితే ఎత్తు. మలుపు దగ్గర గోడవారగా ఒక రాతి అరుగు, అక్కడినుంచి చుట్లు చుట్లుగా పైకి పోయే మినార్ కనిపిస్తుంది. ఎదురుగా పఠాన్ చాచా ఎవరి సామానుకోసమో ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు.

దించాను. గుడ్లకు కూడా తెలియకుండా దించాను.

చాచా కళ్ళు పెద్దవయ్యాయి. చూపుడువేలు నెమ్మదిగా పైకి లేచింది. నేను చూడనట్టే ఉన్నాను.

ముసలమ్మ వెనక్కి తిరిగింది. "తాబాన్?"

"లా, లా అమ్మా. అది చూడు," అని మినార్ వైపు చెయ్యి చాపాను. "హిల్వ. చాలా బాగుంది."

ఆమె మినార్‌ను చూసింది. నన్ను చూసింది. పిచ్చివాణ్ణి చూసినట్టే చూసింది. ఆమెకు మా హిందీ కొంత వచ్చు, నాకు ఆమె అరబ్బీ కొంత వచ్చు. రెండూ కలిపి చెప్పింది: "నేను పుట్టింది ఇక్కడ. అది నా తర్వాత పుట్టింది. నువ్వు నాకు చూపిస్తున్నావా?"

నా తెలివి అక్కడితో అయిపోయింది. నవ్వాను. ఆమె నవ్వలేదు. వచ్చి అరుగు మీద కూర్చుంది. ఉల్లిగడ్డలు ఒళ్ళో పెట్టుకుంది.

అప్పట్లో సముద్రం ఇక్కడిదాకా వచ్చేదని చెప్పింది. తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు పడవల్లోంచి బియ్యం దించేవారట. వాళ్ళ ఇంటికి సామాను తెచ్చే హమాలీ ఒకడు ఉండేవాడట, వీపు మీద బస్తా, పక్కన ఈమె. సరిగ్గా ఈ చుట్టుపక్కలే ఎక్కడో బస్తా దించి, "బిడ్డా, పడవలెన్నున్నాయో లెక్కపెట్టు" అనేవాడట. ఈమె లెక్కపెట్టేది. తప్పు, మళ్ళీ లెక్కపెట్టు అనేవాడట. మళ్ళీ లెక్కపెట్టేది.

అక్కడ ఆగిపోయింది. చేతిలోని సంచి వైపు చూసింది. తర్వాత నా భుజం వైపు చూసింది. గోరింటాకు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు అదిరేటట్టు, శబ్దం లేకుండా, చాలాసేపు.

"తాబాన్!" అంది చివరికి కళ్ళు తుడుచుకుని. "వాడు తాబాన్. నాకు ఇప్పుడు తెలిసింది."

లేచి ఉల్లిగడ్డల సంచి తెచ్చి బియ్యం బస్తా మీద తనే పెట్టింది. కొంచెం వెనకగా పెట్టింది. ముందుకు జరిపాను.

"యల్లా," అంది.

ఎత్తాను. నొప్పి ఎక్కడికీ పోలేదు, ఎత్తు ఎక్కేదాకా నాతోనే వచ్చింది. అరిగిన ఎడమ చెప్పు మాత్రం ఈసారి నెమ్మదిగా నడిచింది. నాకోసమో, తనకోసమో, అడగలేదు.

తిరిగొచ్చేసరికి ముదీర్ నిలబడి ఉన్నాడు.

"ఏమంటావు? వాళ్ళకు చెప్పాలి."

"సార్, నా దగ్గర కుర్చీ ముందే ఉంది," అని బండి చూపించాను. "దీనికి చక్రం కూడా ఉంది."

"భుజం?"

"అది కూడా నా దగ్గరే ఉంది సార్."

అతను నవ్వలేదు. "ఎండాకాలం వస్తోంది," అన్నాడు. అని, కుర్చీవాళ్ళకు ఫోన్ చేస్తూ వెళ్ళిపోయాడు. ఎండాకాలం నిజంగానే వస్తోంది. అప్పుడు చక్రం ఉన్న కుర్చీ సరిపోతుందో లేదో నాకు తెలియదు. ప్రతి మలుపులో దించుతూ పోతే సరిపోవచ్చు.

అప్పటికే పఠాన్ చాచా అందరినీ పోగు చేశాడు. ఎప్పుడూ పలకరించనివాళ్ళు కూడా వచ్చారు, నేను చాయ్ తాగిస్తున్నానంటే చూడాలని. పాలూ యాలకులూ బాగా మరిగిన చాయ్ తెప్పించాను.

"బోలో, క్యోం ఉతారా?" అన్నాడు చాచా జడ్జిలాగా, ఎందుకు దించావో చెప్పమని. "బచ్చా ఆయా? ఘోడా ఆయా?"

"కష్తీ గిన్ రహా థా," అన్నాను. పడవలు లెక్కపెడుతున్నానని.

చాచా చుట్టూ చూశాడు. గోడలు, దుకాణాలు, పావురాలు. "కిత్నీ థీ?" ఎన్నున్నాయని.

"గల్తీ హో గయా చాచా. ఫిర్ సే గిన్నా పడేగా." లెక్క తప్పింది, మళ్ళీ లెక్కపెట్టాలని.

రేపు నువ్వు కూడా లెక్కపెట్టు అన్నాను. అతను గడ్డం గోక్కున్నాడు. అతని మోకాళ్ళ సంగతి మాకందరికీ తెలుసు, ఎవరం అనం.

నేను బండిలో వాలి, పిడుల మీద కాళ్ళు వేసుకున్నాను. మా ఆవిడ ఫోన్ చేసింది.

"కూసున్నవా?"

"కూసున్న."

"కుర్సీలనా?"

ఫోన్ తిప్పి చూపించాను. తొట్టి, కాళ్ళు, చేతిలో చాయ్ గ్లాసు. తెర మీద ఆమె బొమ్మ కదల్లేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను.

"మొఖం జూపెట్టు," అంది.

ఫోన్ ఇటు తిప్పాను. పళ్ళు చూపించాను.

"నవ్వకుంట జూపెట్టు."

నవ్వకుండా చూపించాను. ఆమె ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"చాయ్ సల్లారుతది," అంది. "తాగు."